రాగి గనుల మట్టిలో హీదర్ ఎలా బతుకుతోంది? దాని వేరులోని శిలీంధ్రం అసలేం చేస్తోంది?

ప్రశ్న: బ్రిటన్‌లో మూతపడ్డ రాగి, ఆర్సెనిక్ గనుల మట్టి మీద హీదర్ పొదలు బాగానే పెరుగుతాయని, వేర్లలో ఉండే ఒక శిలీంధ్రం వల్లే అది సాధ్యమని చదివాను. ఆ శిలీంధ్రం విషాన్ని తినేస్తుందా? ఇక్కడ దొరికే వ్యామ్ పొడి (వేర్లలో పెరిగే శిలీంధ్రంతో చేసిన జీవన ఎరువు) వేస్తే పారిశ్రామికవాడ పక్కనున్న మా నేల బాగుపడుతుందా? కుండీలో పెట్టిన బ్లూబెర్రీకైనా పనికొస్తుందా?

జవాబు:

తినదండీ. ముందుగా ఇదొక్కటి తేల్చుకుంటే మిగతాది సులువు. పురుగుమందు అణువునో డీజిల్ అణువునో సూక్ష్మజీవులు ముక్కలు చేసి కార్బన్ డయాక్సైడ్‌గా, నీళ్ళుగా మార్చగలవు. రాగి, జింకు, ఆర్సెనిక్ అలా కాదు. అవి మూలకాలు. ఏ జీవి కడుపులో పడ్డా రాగి రాగిగానే బయటికొస్తుంది. కాబట్టి హీదర్ వేరులో జరిగేది లోహాన్ని మాయం చేయడం కాదు, అది ఎక్కడ ఆగాలో మార్చడం. మట్టిలోనే ఉండిపోవాలా, వేరు పైపొరలో చిక్కుకోవాలా, ఆకుదాకా ఎక్కాలా అన్నదే అసలు సంగతి. మీరు అడిగిన మూడింటికీ జవాబు దీనిమీదే ఆధారపడుతుంది.

హీదర్ మనకు పరిచయం లేని మొక్క. శాస్త్రీయ నామం కల్లూనా వల్గారిస్. మోకాలెత్తు పొద, వేసవి చివర్లో కొండలన్నీ ఊదారంగు చేసేస్తుంది. స్కాట్లాండ్ ఫోటోల్లో మీరు చూసే ఉంటారు. ఎరికేసీ కుటుంబం. బ్లూబెర్రీ, క్రాన్‌బెర్రీ, రోడోడెండ్రాన్ అన్నీ దీని చుట్టాలే. మనకు దగ్గర్లో ఈ కుటుంబాన్ని చూడాలంటే నీలగిరులకు వెళ్ళాలి. అక్కడ ఎర్రగా పూసే రోడోడెండ్రాన్ చెట్లు, వింటర్‌గ్రీన్ నూనె తీసే గాల్తేరియా పొదలు ఉంటాయి.

ఈ మొక్కలు ఇష్టపడే నేల మన రైతు చూస్తే పారిపోయేలా ఉంటుంది. పీహెచ్ తరచు 4 చుట్టుపక్కల. పైన సగం కుళ్ళిన ఆకుల నల్లటి పొర. నత్రజని లేదని కాదు, ఉంది. కానీ ప్రోటీన్లు టానిన్లతో పెనవేసుకుని బిగుసుకుపోయి ఉంటాయి, మామూలు వేరుకు అందవు. పైగా అంత పులుపు నేలలో అల్యూమినియం, ఇనుము కరిగి నీళ్ళలోకి వచ్చేస్తాయి. అల్యూమినియం కరిగిన నీరు చాలా పంటల వేరు కొనలను ఎదగనివ్వదు. అంటే మనిషి గనులు తవ్వకముందే, కోట్ల ఏళ్ళుగా, ఈ మొక్కలూ వాటి శిలీంధ్రాలూ కరిగిన లోహాల మధ్యనే బతుకుతున్నాయి. గని మట్టిని తట్టుకునే శక్తికి పునాది అక్కడే పడిందని నా అభిప్రాయం. ఈ రంగంలో చాలామంది అనేదీ అదే.

ఇక వేరు సంగతి. హీదర్ చివరి వేర్లు 0.1 మిల్లీమీటరు కంటే సన్నం. మిరపకో కందికో ఉన్నట్టు మూలకేశాలు ఉండవు. మధ్యలో చిన్న నాళిక, దాని చుట్టూ బయట ఒకే వరుస పెద్ద కణాలు. రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే ఆ బయటి కణాలు ఒక్కొక్కటీ శిలీంధ్రపు పోగులు చుట్టలు చుట్టుకుని నిండిపోయి కనిపిస్తాయి. శిలీంధ్రం బయటి నుంచి ఒక్కో కణంలోకి విడివిడిగా దూరుతుంది, పక్క కణానికి లోపలి నుంచి పాకదు. ఆ కాపురం కూడా కొద్ది వారాలే. తర్వాత ఆ కణం, అందులోని చుట్ట రెండూ శిథిలమైపోతాయి, కొత్త వేరులో కొత్త కాపురం మొదలవుతుంది. వేరు, శిలీంధ్రం కలిసి బతికే పొత్తును మైకోరైజా అంటారు, ఈ రకాన్ని ఎరికాయిడ్ మైకోరైజా అంటారు. శిలీంధ్రం తన ఎంజైములతో ఆ బిగుసుకున్న నత్రజనిని, భాస్వరాన్ని విడదీసి మొక్కకు ఇస్తుంది. మొక్క చక్కెర ఇస్తుంది.

ఇందులో ఎక్కువగా చదువుకున్న శిలీంధ్రం ఒకటుంది. మీరు వెతికితే గందరగోళపడతారు కాబట్టి చెబుతున్నాను. పాత పరిశోధనల్లో దాన్ని హైమెనోస్కైఫస్ ఎరికే అన్నారు, తర్వాత రైజోస్కైఫస్ ఎరికే అన్నారు, ఇప్పుడు హయలోస్కైఫా హెపాటిసికోలా అంటున్నారు. అన్నీ ఒకటే. నేను పాత పేరుకు అలవాటు పడ్డాను, కింద క్లుప్తంగా ఎరికే శిలీంధ్రం అంటాను. రెండోది ఆయిడియోడెండ్రాన్ మాయస్.

లోహాల సంగతి మొదట గట్టిగా బయటపెట్టింది షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలోని బ్రాడ్లీ, బర్ట్, రీడ్. వాళ్ళ పత్రం 1981లో నేచర్ అనే శాస్త్ర పత్రికలో వచ్చింది. ప్రయోగం చాలా సరళం. ఇసుకలో హీదర్ మొలకలు పెంచారు, సగానికి శిలీంధ్రం అంటించారు, సగానికి అంటించలేదు. తర్వాత రాగి, జింకు మోతాదు పెంచుతూ పోయారు. మోతాదు ఎక్కువైన చోట శిలీంధ్రం లేని మొక్కల వేర్లు ఎదగలేదు, మొక్కలు నిలవలేదు. శిలీంధ్రం ఉన్నవి పెరిగాయి. తర్వాత కోసి లోహం కొలిస్తే, శిలీంధ్రం ఉన్న మొక్కల కొమ్మల్లో లోహం తక్కువ, వేర్లలో ఎక్కువ. 1982లో ఇదే పని క్రాన్‌బెర్రీ, రోడోడెండ్రాన్‌ల మీద కూడా చేసి చూపించారు.

ఆ చివరి కొలతను వదిలేయకండి. వేరులో ఎక్కువ, కొమ్మలో తక్కువ. అంటే లోహం ఎక్కడికీ పోలేదు, మెట్ల దగ్గరే ఆగిపోయింది. ఎలా ఆగింది? శిలీంధ్రం కణకవచంలో కైటిన్ లాంటి పదార్థాలు, ముదురు రంగు పోగుల్లో మెలనిన్ ఉంటాయి. వీటి మీద రుణావేశమున్న చోట్లు బోలెడు. రాగి, జింకు అయాన్లకు ధనావేశం కాబట్టి వెళ్ళి అక్కడ అతుక్కుంటాయి. పోగులు ఎంత సన్నమైతే బయటి వైశాల్యం అంత ఎక్కువ. వేరులోని ఆ బయటి వరుస కణాల నిండా ఇదే సామగ్రి ఉంది కదా, మధ్య నాళికలోకి వెళ్ళే నీళ్ళు దాన్ని దాటుకునే వెళ్ళాలి. అతుక్కోకుండా శిలీంధ్ర కణంలోకి దూరిన జింకును లోపలి చిన్న సంచుల్లోకి నెట్టి బంధించే ప్రోటీన్లు కూడా ఉన్నాయి. కొన్ని వారాల తర్వాత ఆ వేరు పొర రాలిపోయినప్పుడు అందులోని లోహం మళ్ళీ మట్టికే చేరుతుంది.

ఇదంతా రాగి, జింకుల కథ. ఆర్సెనిక్ దగ్గరికొస్తే ఈ అతుక్కునే ఉపాయం పనిచేయదు. గాలి తగిలే మట్టిలో ఆర్సెనిక్ ఎక్కువగా ఆర్సెనేట్ రూపంలో ఉంటుంది, దానిది రుణావేశం. అంతకంటే పెద్ద చిక్కు, ఆర్సెనేట్ అచ్చం ఫాస్ఫేట్‌లా ఉంటుంది. పెళ్ళి భోజనాల్లో మగపెళ్ళివారు ఆడపెళ్ళివారి చుట్టమనుకుని, వాళ్ళేమో వీళ్ళ చుట్టమనుకుని పంక్తిలో కూర్చోబెట్టే మనిషి ఉంటాడే, అలా అది ఫాస్ఫేట్ దారిలోనే లోపలికి వచ్చేస్తుంది. ఆ దారి మూసేస్తే భాస్వరం కూడా ఆగిపోతుంది. గని మట్టిపై బతికే కొన్ని గడ్డిజాతులు నిజంగానే అలా చేస్తాయి, ఫాస్ఫేట్ తీసుకునే వేగాన్నే తగ్గించుకుంటాయి. భాస్వరానికి కటకటలాడే హీత్ నేలలో, అంటే పైన చెప్పిన పులుపు నేలలో, హీదర్‌కు ఆ ఖర్చు భరించడం కష్టం.

దీనికి జవాబు డెవన్ గ్రేట్ కన్సోల్స్ అనే గనిలో దొరికింది. ఇది నైరుతి ఇంగ్లండ్‌లో, టేమర్ నది లోయలో, టావిస్టాక్ ఊరి దగ్గర ఉంది. 1844లో అక్కడ రాగి పడింది. ఒక పౌండు వాటా ఏడాది తిరక్కుండానే 800 పౌండ్లకు ఎగబాకిందని చరిత్ర. తర్వాత రాగి తగ్గిపోయి, ఒకప్పుడు పారేసిన ఖనిజం నుంచే తెల్ల పాషాణం, అంటే ఆర్సెనిక్ ఆక్సైడ్, తీయడం మొదలుపెట్టారు. పంటల పురుగుమందులకు, గాజుకు, రంగులకు దానికి గిరాకీ. 20వ శతాబ్దం మొదట్లో గని మూతపడింది. మిగిలింది రాగి, ఆర్సెనిక్ నిండిన గుట్టలు. వాటి మీద హీదర్ పెరిగింది.

షార్పుల్స్, మెహార్గ్, చేంబర్స్, కెయిర్నీ అనే నలుగురు ఆ హీదర్ వేర్ల నుంచి ఎరికే శిలీంధ్రాన్ని వేరుచేసి, మామూలు హీత్ నేలల నుంచి తెచ్చిన అదే శిలీంధ్రంతో పోల్చారు. 2000లో నేచర్‌లో వచ్చింది. గని శిలీంధ్రం ఆర్సెనేట్‌ను రానిస్తుంది, ఎందుకంటే ఫాస్ఫేట్ కావాలి. లోపలికి వచ్చాక దాన్ని ఆర్సెనైట్‌గా మారుస్తుంది. ఇప్పుడు అది ఫాస్ఫేట్‌లా ఉండదు, గుర్తుపట్టొచ్చు. దాన్ని బయటికి తోసేస్తుంది, ఫాస్ఫేట్‌ను ఉంచుకుంటుంది. మామూలు నేలల శిలీంధ్రం కూడా కొంత తోసేస్తుంది గానీ గని శిలీంధ్రం చాలా వేగంగా తోస్తుంది. మొక్కకు కలిసొచ్చేది ఏమిటంటే, వడపోత అయ్యాక మిగిలిన ఫాస్ఫేట్ అందుతుంది. ఒక్క జాగ్రత్త: తోసేసే వేగం కొలిచింది పళ్ళెంలో పెంచిన శిలీంధ్రంలో. మొక్కకు అందే లాభం అక్కడి నుంచి చేసిన అన్వయం, బలమైన అన్వయమే అయినా.

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చే భాగం ఇంకొకటి. అదే బృందం రాగి మీద కూడా పోల్చి చూసింది. అక్కడ తేడా లేదు! గని నుంచి వచ్చినదైనా, మంచి హీత్ నేల నుంచి వచ్చినదైనా రాగిని ఒకేలా తట్టుకున్నాయి. అంటే రాగిని ఓర్చుకోవడం ఆ జాతికి పుట్టుకతో వచ్చిన గుణం. ఆర్సెనిక్‌ను ఓర్చుకోవడం మాత్రం ఆ గని మట్టిలో ఎంపికై నిలిచిన గుణం. ఒకే శిలీంధ్రం, రెండు లోహాలు, రెండు వేర్వేరు చరిత్రలు. "మైకోరైజా లోహాలను తట్టుకునే శక్తినిస్తుంది" అని ఒక్క వాక్యంలో తేల్చేసే వ్యాసాలను నేను నమ్మకపోవడానికి కారణం ఇదే. ఏ శిలీంధ్రం, ఏ నేల నుంచి వచ్చింది, ఏ లోహం అన్నవి చెప్పకపోతే ఆ వాక్యానికి అర్థం లేదు.

ఆయిడియోడెండ్రాన్ మీద ఇటలీలో ట్యూరిన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఏళ్ళ తరబడి పనిచేశారు. వాళ్ళ ముఖ్యమైన రకం పోలండ్‌లో, క్రాకోవ్ దగ్గరి నియెపొలొమిత్సె అడవిలో, పారిశ్రామిక ధూళి కలిసిన మట్టిలో పెరిగిన బిల్‌బెర్రీ (బ్లూబెర్రీకి దగ్గరి చుట్టం) వేరు నుంచి వచ్చింది. జింకు, కాడ్మియం కణంలోకి దూరినప్పుడు విషపు ఆక్సిజన్ రూపాలు పెరిగిపోతాయి. వాటిని అణచే ఎంజైము సూపర్ఆక్సైడ్ డిస్మ్యుటేజ్. ఆ జన్యువును తీసేసిన శిలీంధ్రం 2009 నాటి ప్రయోగంలో కాడ్మియానికి, జింకుకు సులువుగా లొంగిపోయింది. అంతేకాదు, వేరులో కాపురం పెట్టడం కూడా తగ్గిపోయింది. అంటే లోహాన్ని ఓర్చుకునే సరంజామా, మొక్కతో కలిసి బతికే సరంజామా కొంతవరకు ఒకటే.

అదే బృందం 2003లో చూపించిన ఇంకో విషయం చాలామంది అంచనాకు ఎదురుగా ఉంటుంది. జింక్ ఆక్సైడ్, జింక్ ఫాస్ఫేట్ లాంటి కరగని జింకును ఇచ్చి చూస్తే, శుభ్రమైన నేలల నుంచి వచ్చిన శిలీంధ్రాలే ఎక్కువగా కరిగించాయి. కలుషిత నేలల నుంచి వచ్చినవి పెద్దగా కరిగించలేదు. ఆలోచిస్తే సబబే. చుట్టూ గడ్డకట్టి ఉన్న జింకు ఎవరికీ హాని చేయదు, ఆమ్లాలు వదిలి కరిగించుకుంటేనే ప్రమాదం. లోహాన్ని ఎదుర్కోవడానికి ఒక దారి, దాని జోలికి పోకపోవడం.

ఇప్పుడు మీ నేల సంగతి.

వ్యామ్ పొడి వేరే జాతి శిలీంధ్రం. అది ఆర్బస్క్యులార్ మైకోరైజా. వేరుశనగ, కంది, మొక్కజొన్న, మిరప, మామిడి వేర్లలో పనిచేస్తుంది, వేరు లోపలి కణాల్లో చెట్టు కొమ్మల్లా చీలిన నిర్మాణాలు కడుతుంది. ఆవాలు, క్యాబేజీ కుటుంబంతో అది అసలు కలవదు. హీదర్ శిలీంధ్రానికి తెలిసిన పనులన్నీ దానికీ తెలుసనుకోకూడదు. లోహాలున్న నేలలో వ్యామ్ కొన్నిసార్లు మొక్కకు తోడ్పడుతుంది. ముఖ్యంగా భాస్వరం అందించి మొక్కను బలపరుస్తుంది. కానీ ఫలితం పంటను బట్టి, లోహాన్ని బట్టి, మోతాదును బట్టి మారుతుంది. ప్యాకెట్ మీద "విషలోహాలను తొలగిస్తుంది" అని రాసి ఉంటే ఆ వాక్యం కోసం డబ్బు పెట్టకండి.

దీనికంటే ముందు మీరు చేయాల్సిన పని పరీక్ష. మామూలు భూసార కార్డు చాలదు. అందులో ఉండే 12 అంశాల్లో జింకు, రాగి, ఇనుము, మాంగనీసు ఉంటాయి నిజమే, కానీ పంటకు చాలుతున్నాయా లేదా అని చూడడానికి. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, క్రోమియం అందులో ఉండవు. భారలోహాలు కొలిచే ప్రయోగశాలలో మొత్తం లోహం ఎంతుందో, అందులో మొక్కకు అందేది ఎంతో విడివిడిగా అడిగి చేయించండి. రెండు అంకెలకూ పొంతన ఉండకపోవచ్చు. బోరు నీళ్ళు కూడా అదే రోజు ఇవ్వండి. చాలా చోట్ల లోహం ఏటేటా నీళ్ళతోనే వస్తుంటుంది. అది ఆగకుండా మట్టికి ఏ వైద్యం చేసినా దండగ.

ఏ లోహమో తెలిశాక వైద్యం మారిపోతుంది. కాడ్మియం, జింకు అయితే, నేల పులుపుగా ఉన్నప్పుడు సున్నం, బాగా మాగిన సేంద్రియ ఎరువు వేస్తే వాటి కరిగే గుణం తగ్గుతుంది. ఆర్సెనిక్ అయితే అదే పని చేయొద్దు. పీహెచ్ పెరిగితే ఆర్సెనేట్ మట్టిని వదిలి నీళ్ళలోకి రావచ్చు. డీఏపీ గుప్పించినా ప్రమాదమే. ఫాస్ఫేట్ మట్టి రేణువుల మీద ఆర్సెనేట్ స్థానాన్ని ఆక్రమించి దాన్ని బయటికి నెడుతుంది. రెండూ ఒకేలా ఉంటాయని పైన చెప్పుకున్నాం కదా, అదే గొడవ ఇక్కడ కూడా.

వరి వేసే ఆలోచన ఉంటే ఇంకో మాట. నీళ్ళు నిలిచిన మడిలో ఆక్సిజన్ ఉండదు కాబట్టి ఆర్సెనిక్ ఆర్సెనైట్‌గా మారి, వరి సిలికాను తీసుకునే దారిలో దూరుతుంది. పైన చెప్పిన మెహార్గ్ తర్వాతి కాలంలో బంగ్లాదేశ్ వరిలో ఆర్సెనిక్ మీద చేసిన పనికే ఎక్కువ పేరు తెచ్చుకున్నాడు. హీదర్ శిలీంధ్రం ఉపాయం ఆర్సెనేట్‌ను ఆర్సెనైట్‌గా మార్చి తోసేయడం. మడిలో ఆర్సెనైట్ ముందే సిద్ధంగా ఉంటుంది. కాబట్టి దాన్ని ఇక్కడికి పట్టుకొచ్చే ఆలోచనే పనికిరాదు. మడిని మధ్యమధ్య ఆరబెట్టి మళ్ళీ తడపడం కొంత మేలు.

నేలలోంచి లోహాన్ని నిజంగా బయటికి తీయాలంటే హీదర్ పద్ధతికి పూర్తిగా వ్యతిరేకంగా చేసే మొక్క కావాలి, అంటే లోహాన్ని ఆకుల్లోకి గుంజి దాచుకునేది. ఆర్సెనిక్‌కు టెరిస్ విట్టాటా అనే ఫెర్న్ అలాంటిది. 2001లో ఫ్లోరిడాలో దీన్ని గుర్తించి ప్రకటించారు. ఇది విదేశీ మొక్కేమీ కాదు, మన దగ్గర కూడా తేమ ఉన్న పాత ఇటుక గోడల మీద మొలుస్తుంది. అయితే కోసిన ఆకులు విషపు చెత్త. పశువులకు వేయకూడదు, కంపోస్టులో కలపకూడదు, కాల్చకూడదు. ఎన్నో ఏళ్ళు పడుతుంది. ఒకటి రెండు ఎకరాల రైతుకు ఇది పెట్టుబడి పరంగా గిట్టుతుందని నేననను. ఎక్కువమందికి గిట్టేది లోహాన్ని అక్కడే కట్టేసి, తినని పంటకు మారడం. కలప చెట్లు, పూలతోట లాంటివి. పరీక్ష ఫలితం వచ్చేదాకా కనీసం తోటకూర, పాలకూర లాంటి ఆకుకూరలు ఆ నేలలో వేయకండి. కాడ్మియాన్ని బాగా పైకి లాగేది అవే.

బ్లూబెర్రీ గురించి అడిగారు. దానికి వ్యామ్ పొడి వృథా, అది ఆ వేరులోకి దూరదు. కావలసింది ఎరికాయిడ్ రకం, అది ఎరువుల కొట్లో అడిగితే దొరికే సరుకు కాదు. మంచి నర్సరీ మొక్క వేర్లలో చాలాసార్లు అది ముందే ఉంటుంది. మొక్క మార్చేటప్పుడు పాత మట్టి గడ్డను కడిగేయకుండా అలాగే పెట్టండి. అంతకంటే ముఖ్యం పీహెచ్. 4.5 నుంచి 5.5 మధ్య ఉండాలి. మన బోరు నీళ్ళలో బైకార్బొనేట్ ఎక్కువ. నెల నెలా పోస్తుంటే కుండీ మిశ్రమం పులుపు పోయి, కొత్త ఆకులు పసుపుపచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తాయి. అది ఇనుము అందడం లేదన్న గుర్తు. శిలీంధ్రం కొనేముందు వాన నీళ్ళు పట్టి పోయండి. అవి లేకపోతే నీళ్ళలో కొద్దిగా సిట్రిక్ యాసిడ్ కలిపి, పీహెచ్ కాగితంతో చూసుకుని పోయండి. రకం కూడా చలి తక్కువ సరిపోయే సదరన్ హైబుష్‌లోంచే ఎంచుకోండి. మిగతావి హైదరాబాద్ చలికి పూతే పూయవు.